అత్తతో దండుబాట

అడవికి నేనూ వస్తానని చెప్పినప్పుడు మా అత్త జవాబు ఇవ్వలేదు. అప్పటికి ఏడేళ్లుగా నా మాటల్లో సగానికి ఆమె జవాబు ఇచ్చేది కాదు. అందుకని ఆ మౌనాన్ని ఒప్పుకున్నట్టుగానే తీసుకుని బడికి రెండు రోజులు సెలవు చీటీ రాసేశాను.

అది తొంభై ఎనిమిదో తొంభై తొమ్మిదో సరిగ్గా గుర్తు లేదు. శివరాత్రికి ఇంకా వారం ఉంది. మాది పుంగనూరు నుంచి రామసముద్రం పోయే దారిలో ఒక మెట్ట ఊరు. నేను పుంగనూరులో సోషల్ టీచరుగా పని చేసేదాన్ని. మా ఆయనకు కరెంటు ఆఫీసులో ఉద్యోగం. మామ ఎప్పుడో పోయాడు. సేద్యం మొత్తం మా అత్తే చూసుకునేది. టమోటా నాటించడం, బోరు మోటారు చూసుకోవడం, కూలీలను పిలవడం అన్నీ ఆమే.

నేను మదనపల్లెలో పాత్రల అంగడి పెట్టుకున్న వాళ్ల బిడ్డను. ముందర అంగడి, వెనక ఇల్లు. ఇంట్లో మాటలు బేరానికి వచ్చినవాళ్ల చెవిన పడకూడదని మా అమ్మ మాకు చిన్నప్పటి నుంచీ మెల్లగా మాట్లాడడం నేర్పింది. కాలేజీలో కలిసి చదువుకున్న సేద్యగాళ్ల అబ్బాయిని నేను పెళ్లి చేసుకుంటానంటే రెండు ఇళ్లలోనూ గొడవైంది. చివరికి మా అత్తే పెళ్లికి సరే అందట. కానీ నేను ఆ ఇంట్లో కాలుపెట్టిన రోజు నుంచీ నేను పిలిస్తే ఆమె పలికేది కాదు. "అన్నం పెట్టనా అత్తా?" అంటే నన్ను దాటుకుని వాకిట్లోకి వెళ్లిపోయేది. మూడు విజిల్స్ వచ్చాక కుక్కరు దించమని చెప్పి బట్టలుతకడానికి పోతే, అది పది విజిల్స్ వేసి అడుగంటేదాకా పక్కనే కూర్చుని చింతపండు ఈనెలు తీస్తూ ఉండేది. అంగడోళ్ల బిడ్డనని నేనంటే చిన్నచూపు అనుకున్నాను. మా ఆయనతో అంటే, "ఆమె అంతేలే, మా నాయన పొయ్యినప్పటి నుంచి మాటలు తక్కువ," అనేవాడు. ఆయనది పెద్ద గొంతు. ఆయన అడిగినదానికి మాత్రం ఆమె టక్కున బదులు చెప్పేది. అది ఇంకా మండేది నాకు.

మా అత్త పుట్టిల్లు కుప్పం అవతల అడవి అంచున ఒక పల్లె. ఆ అడవి లోపల వాళ్ల వంశంలో ఎవరో పులితో పోరాడి చచ్చిపోయిన చోట నిలబెట్టిన రాయి ఉంది. అలాంటి వాటిని వీరగల్లు అంటారు. ఏటా మాఘమాసంలో మా అత్త వాళ్ల అన్న వెళ్లి ఆ రాయికి దీపం పెట్టి వచ్చేవాడు. ఆయన కిందటి ఏడు చనిపోయాడు. పిల్లల్లేరు. ఆ ఇంటి రక్తంలో మిగిలింది మా అత్త ఒక్కతే.

"ఏనుగులుండే అడివి అమ్మా అది. నీ చిన్నప్పటి మాదిరి కాదు ఇప్పుడు," అన్నాడు మా ఆయన.

"నేను పోతా. నా పుట్టింటి వీరునికి దీపం పెట్టేదానికి నిన్ను అడగల్లనా?" అంది ఆమె.

నేను వస్తానన్నది ఆమె మీద ప్రేమతో కాదు. ఆ రాయి మీద పాత అక్షరాలు ఉన్నాయని విన్నాను. మా హెడ్మాస్టరు చుట్టుపక్కల చరిత్ర మీద పిల్లలతో ఒక ప్రదర్శన పెట్టించాలని చూస్తున్నారు. ఎవరూ చదవని శాసనం నా చేతుల మీదుగా బయటికి వస్తే బాగుంటుందనే ఆశ నాది.

ముందు రోజు పుంగనూరులో బస్సెక్కి, పలమనేరులో మారి, కుప్పం చేరి, అక్కడి నుంచి జీపులో ఆ పల్లెకు వెళ్లాం. పొద్దున్నే ఫారెస్టు వాచర్‌ ఒకాయన మాకోసం వచ్చాడు. ఆ పల్లె మనిషే. మా అత్తకంటే నాలుగైదేళ్లు చిన్న. ఖాకీ చొక్కా, కింద పంచె, భుజానికి కొడవలి. చిన్నప్పుడు ఇద్దరూ అదే అడవిలో మేకలు కాశారట.

ఊరు దాటాక ఆగి, గుప్పెడు దుమ్ము తీసి పైకి వదిలి గాలి ఎటు పోతోందో చూశాడు.

"టీచరమ్మా, అక్కా, ఇనుకోండి. గాలి మన మొగానికి కొట్టాల. అప్పుడు మన వాసన వాటికి పోదు. నేను చెయ్యెత్తితే యాడుండేవాళ్లు ఆడనే నిలబడిపోవల్ల. మాట్లాడొద్దండి. తప్పదంటే గుసగుసగా అనల్ల. మూడు దినాల నుంచి ఒక మంద ఈ పక్కనే తిరుగుతాండాది. పిల్ల ఉండే మంద. పిల్ల ఉంటే తల్లి ఊరుకోదు."

మా అత్త తల ఊపింది. ఆమె దేనికైనా అలాగే తల ఊపేది.

ముందు ఆయన, నడుమ మా అత్త, వెనక నేను. కాసేపు పొదలు, పులికంప ముళ్లు. తర్వాత మాన్లు పెద్దవయ్యాయి. వాగు పక్కన తెల్లమద్ది మాన్లు ఇద్దరు చేతులు కలిపి పట్టుకున్నా అందనంత లావు. తెల్లటి బెరడు పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. ఆకు రాలే కాలం కాబట్టి కింద ఎండుటాకు మోకాటి కిందిదాకా. అడుగు వేస్తే అప్పడం విరిగినట్టు చప్పుడు. ఆ చప్పుడుకు నాకే భయం వేసింది.

ఆకు పలచగా ఉన్నచోట కాలి కింద రాతి పలకలు తగిలాయి. వంగి చూశాను. ఒకదాని పక్కన ఒకటి పేర్చిన బండలు. వాటి మీద రెండు గీతల్లా గాడి పడి ఉంది.

"దండుబాట," అన్నాడు వాచర్ గుసగుసగా. "మైసూరు దండ్లు ఇట్లనే కిందికి దిగేవంట. మా తాత చెప్పేవాడు. దండ్లు లేనప్పుడు ఉప్పు బస్తాలేసుకోని ఎద్దులు పొయ్యేవంట."

నేను వంగి ఆ గాడిలో వేళ్లు పెట్టి చూశాను. నున్నగా అరిగిపోయి ఉంది. ఎన్ని వందల బండ్లు పోతే రాయి అలా అరుగుతుంది! ఇదే బాటను పాఠంలో "సైన్యాలు ఘాట్ల గుండా దిగాయి" అని ఒక్క ముక్కలో చెప్పేసి ముందుకు పోయేదాన్ని.

అప్పుడే మా అత్త ఉన్నట్టుండి మామూలు గొంతుతో, "ఈ మాను కాడనే మా అబ్బను పాము కరిసింది," అని వాళ్ల తాత సంగతి ఎత్తింది.

మామూలు గొంతే. కానీ ఆ అడవిలో అది అరుపులా వినిపించింది. పక్క కొమ్మ మీది పక్షులు జుయ్యిమని లేచాయి. వాచర్ గిరుక్కున తిరిగి నోటి మీద వేలు పెట్టుకున్నాడు. ఆమె తల ఊపింది. ఈ మనిషి మొండితనం అడవిలోనూ మారదు కదా అని నేను పళ్లు కొరుక్కున్నాను.

ఇంకో అరగంట నడిచాక బాట మధ్యలో పేడ కనిపించింది. తట్టలంత ముద్దలు. వాచర్ చెప్పు విడిచి కాలి బొటనవేలు అందులో గుచ్చి చూశాడు.

"వెచ్చగా ఉండాది," అన్నాడు. ఆయన ముఖం మారింది. పక్కన ఒక చిరుమాను బెరడు మనిషి ఎత్తున పట్టీలుగా చీలి వేలాడుతోంది. చీలిన చోట ఇంకా తడి ఆరలేదు. ఆయన చెయ్యి ఊరి వైపు చూపించి, "తిరుక్కోని పోదాం," అన్నాడు.

ఎంత దూరం ఉందని అడిగాను. కూతవేటు దూరమే అన్నాడు.

మా అత్త ఆయన చెయ్యి చూపిన వైపు చూసి, తల అడ్డంగా ఊపి, ముందుకే నడిచింది. నేనైనా ఆమెను ఆపి ఉండాల్సింది. ఆపలేదు. సంచిలో నోటుబుక్కు, పెన్సిళ్లు, పొట్లం కట్టిన బియ్యప్పిండి ఉన్నాయి. ఇంత దూరం వచ్చి ఉత్త చేతులతో పోవడం నాకూ ఇష్టం లేదు. వాచర్ తప్పక వెంట వచ్చాడు.

బాట ఒక గుట్ట పక్కకు తిరిగింది. అక్కడ ఒక పాత కోటగోడ. గోడ అంటే నిలబడి ఉన్నది కొంచెమే. మిగతా అంతా కూలి, రాళ్ల మధ్యలో సీతాఫలం చెట్లు మొలిచాయి. ఏ పాళెగాడు కట్టించాడో ఎవరికీ తెలియదు. దండుబాట మీద సుంకం వసూలు చేసే ఠాణా అయి ఉంటుందని తర్వాత నాకు అనిపించింది. గోడకు ఒక పక్క దిడ్డివాకిలి ఉంది. మనిషి తల వంచుకుని దూరగలిగినంత ఇరుకు. లోపల చీకటి, గబ్బిలాల కంపు.

ఆ గోడకు నలభై అడుగుల దూరంలో ఒక చింతమాను కింద రాయి నిలబడి ఉంది. నా నడుము ఎత్తు. పైన సూర్యుడు, చంద్రుడు. కింద ఒక మనిషి కత్తి ఎత్తి ఉన్నాడు. జుట్టు ముడి పక్కకు ఒరిగి ఉంది. ఆయన ముందు ఒక జంతువు. వాన దెబ్బకు అది పులో, ఇంకేదో చెప్పలేనట్టు అరిగిపోయింది. పై గడిలో ఇద్దరు ఆడవాళ్లు ఆయన్ను చెరో చెయ్యి పట్టుకుని పైకి తీసుకుపోతున్నారు. పక్కనంతా అక్షరాలు. వేలి గోరంత అక్షరాలు ఏడు వరుసలు.

మా అత్త రాయిని నీళ్లతో కడిగి, పసుపు పూసి, కుంకుమ పెట్టింది. దీపం వెలిగించి, సంచిలోంచి టెంకాయ తీసింది.

"టెంకాయ కొట్టొద్దక్కా, సప్పుడవుతాది," అన్నాడు వాచర్ ఆమె వెనక నుంచి.

ఆమె టెంకాయ పైకెత్తింది. ఆయన ఒక్క గెంతుతో వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆమె ఉలిక్కిపడి ఆయన ముఖంలోకి చూసి, టెంకాయను అలాగే రాయి ముందు పెట్టేసింది. చెప్పినా వినదే అని నేను మళ్లీ అనుకున్నాను. నా బుర్ర ఎంత మూసుకుపోయి ఉందో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

నేను అక్షరాల మీద బియ్యప్పిండి రుద్దాను. తెల్లగా లేచాయి. ఒక్కొక్క గీత చూసి నోటుబుక్కులో దించుకోవడం మొదలుపెట్టాను. ఒక వరుసకు పది నిమిషాలు పట్టింది. రెండో వరుస దగ్గర వాచర్ గొంతు సవరించుకున్నాడు. మూడో వరుస దగ్గర, "టీచరమ్మా, చాలు," అన్నాడు. నాలుగో వరుస అయ్యేసరికి దుమ్ము ఎగరేసి చూసి, "గాలి తిరిగింది. లెయ్యండి," అన్నాడు. ఈసారి అడగడం కాదు.

"ఇంకో వరస..."

"లెయ్యండమ్మా!"

లేచాను. వచ్చిన బాటనే గోడ పక్కదాకా వచ్చాం. కింద వాగు దాటాలి.

"వాగు కాడ చూసొస్తా. నేను వచ్చిందాకా ఈడనే ఉండండి. కదలొద్దండి," అని ఆయన ముందుకు నడుస్తూనే చెప్పాడు. వెనక్కి తిరగలేదు. మలుపు తిరిగి కనిపించకుండా పోయాడు.

నేను సంచి మూతి కట్టుకుంటూ తల వంచాను. తల ఎత్తేసరికి మా అత్త పక్కన లేదు. ఆయన పోయిన బాటలోనే వాగు వైపు దిగుతోంది. నాకూ ఆమెకూ మధ్య ఇరవై అడుగులు.

సరిగ్గా అప్పుడే ఎడమ చేతి వైపు వెదురు పొదలో ఫట్‌మని విరిగింది.

తర్వాత నమిలే చప్పుడు. తర్వాత తడి బట్ట బండకేసి కొట్టినట్టు ఒక చప్పుడు. అది చెవులు విసురుకోవడం అని నాకు ముందు తెలియలేదు. వెదుర్ల సందులో ఏదో బూడిద రంగు గోడలాంటిది కదిలింది. అది ఇటు నుంచి అటు కదలడానికి చాలాసేపు పట్టింది.

"అత్తా," అన్నాను.

ఆమె నడుస్తూనే ఉంది.

"అత్తా, కదలొద్దు. నిలబడు."

నా గొంతు నాకే వినిపించలేదేమో అనుకుని ఇంకొంచెం గట్టిగా అన్నాను. ఆమె తల కూడా తిప్పలేదు. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, ఎండుటాకులు తొక్కుకుంటూ, నేరుగా ఆ వెదురు పొద ముందుకు పోతోంది. ఆమెకు నా మీద ఎంత కోపం ఉన్నా, చావు పిలుస్తున్నా వినిపించుకోనంత కోపం ఏ మనిషికీ ఉండదు కదా అని ఒక ఆలోచన మెరుపులా వచ్చింది. ఆ ఆలోచన పూర్తి కాకముందే నేను నడుస్తున్నాను. అరిచే వీలు లేదు. పరిగెత్తే వీలు లేదు. ఆకు లేని బండ ఎక్కడుందో చూసుకుని, ఒక్కొక్క అడుగు వేశాను. ఆ ఇరవై అడుగులు నా జన్మలో నడిచిన అన్నిటికన్నా పొడుగు.

ఆమె కొంగు అందింది. లాగాను.

"ఏమే? ఏమైంది?" అంది ఆమె పూర్తి గొంతుతో.

నా అరచేతిని ఆమె నోటి మీద పెట్టేశాను. అత్త నోరు మూసే కోడలు ఎక్కడుంటుంది? కానీ మూశాను.

వెదురు పొదలో నమలడం ఆగిపోయింది.

నమలడం వినిపిస్తున్నప్పుడు అంత భయం వేయలేదు. అది ఆగాక పుట్టిన నిశ్శబ్దం భరించలేకపోయాను. ఆమె కళ్లు నా ముఖం మీదే ఉన్నాయి. అడుగుతున్నాయి. నేను చప్పుడు లేకుండా పెదాలు మాత్రం కదిపాను. ఏనుగు.

ఆమెకు వెంటనే అర్థమైంది. నేను గుసగుసగా రెండుసార్లు పిలిస్తే పలకని మనిషి, ఉత్త పెదాల కదలిక చూసి మాట పట్టుకుంది. ఏడేళ్ల కుక్కర్లు, జవాబు రాని అన్నం పిలుపులు, తల ఊపడాలు అన్నీ ఒక్కసారిగా నా ముందు నిలబడ్డాయి. మా అత్తకు చెవులు వినిపించవు.

ఆలోచించే సమయం లేదు. పొద నుంచి ఒక ఆడ ఏనుగు బాట మీదికి వచ్చి నిలబడింది. దాని కాళ్ల సందులో పిల్ల. తొండం పైకెత్తి, కొస వంచి, గాలిలో మమ్మల్ని వెతికింది. బాట వెంటే సాగిన గోడలో, మా వెనక ఐదారు అడుగుల్లో దిడ్డివాకిలి. ఇద్దరం వెనక్కి వెనక్కి జరిగి, తల వంచి, అందులోకి దూరాం.

లోపల ఇద్దరం పక్కపక్కన పట్టలేదు. ఆమె లోపలి వైపు, నేను వాకిలి వైపు. కాలి కింద గబ్బిలాల రెట్ట మెత్తగా ఉంది. బయట అడుగుల చప్పుడు లేదు. అంత పెద్ద జంతువు నడిస్తే చప్పుడు వస్తుందని అనుకునేదాన్ని. రాలేదు. వాకిట్లో వెలుతురు తగ్గింది, అంతే. బుస్సుమని ఒక ఊపిరి లోపలికి వచ్చింది. దుమ్మూ, నలిగిన ఆకు వాసనా నా ముఖానికి కొట్టాయి. తొండం కొస వాకిలి రాతిని తడిమింది. తడిగా, గులాబీ రంగులో, దానికదే ఒక ప్రాణిలా ఉంది. నా మోకాలికీ దానికీ మధ్య ఒక మూర ఉంటుందేమో.

మా అత్త నా ముఖం చూస్తోంది. ఏనుగును కాదు. బయట ఏం జరుగుతోందో ఆమెకు చెప్పేది నా ముఖం ఒక్కటే. నేను కళ్లు మూసుకోవాలనుకున్నాను. మూసుకుంటే ఆమెకు ఏమీ తెలియదు. అందుకని కళ్లు తెరుచుకునే ఉన్నాను.

వెలుతురు మళ్లీ వచ్చింది. ఆమె పెదాలు కదిపింది. పొయ్యిందా? నేను తల అడ్డంగా ఊపాను. దాని కాళ్లు ఇంకా కనిపిస్తున్నాయి. వెనక ఇంకో జత కాళ్లు కూడా.

అప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. అటువైపు రాళ్లు కూలి మూసుకుపోయినట్టే కనిపించింది నాకు. ఆమె మోకాళ్ల మీద వంగి, కంపను చేత్తో పక్కకు నెట్టి, రాళ్ల కింద ఒక సందులోకి తల పెట్టింది. మేకలు కాసే రోజుల్లో వానొస్తే దూరే సందట అది. చేతుల మీద ముళ్లు గీరుకుని రక్తం కారుతున్నా ఆగలేదు. ఆమె వెనకే నేను పాకాను. నడుము దగ్గర ఇరుక్కున్నాను. ఆమె అటు నుంచి నా రెండు చేతులూ పట్టి లాగింది. సంచి తెగినా లోపలే వదలకుండా పట్టుకున్నాను. బయటపడ్డాక గుట్ట బండ. మాట లేకుండా, వెనక్కి చూడకుండా, చేతులతో కాళ్లతో ఎక్కాం.

పైన కూర్చుని కిందికి చూస్తే బాట కనిపించింది. ఏడు ఏనుగులు. రెండు పిల్లలు. మేం నిలబడిన చోట మీదుగానే వాగులోకి దిగాయి. వాచర్ వాగు అవతల ఒక మానెక్కి కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని బండ మీద చూసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. మాకా, దేవుడికా తెలియలేదు. అవి దాటిపోయేదాకా కదలొద్దని సైగ చేశాడు.

గంట పైనే ఆ బండ మీద ఉన్నాం. నేను ఆమె ఎదురుగా జరిగి కూర్చుని, ముఖం ఆమె వైపు పెట్టి, మెల్లగా అడిగాను.

"ఎన్నాళ్ల నుంచి అత్తా?"

ఆమె నా నోటినే చూసింది. "ఏంది?"

నా చెవి ముట్టుకుని చూపించాను.

"కుడిది, నీ మొగుడు ఏడో తరగతి చదివేటప్పుడే పొయ్యింది. ఎడమది నువ్వొచ్చే ముందేడు. గట్టిగా అంటే రొంత ఇనిపిస్తాది. నోరు సూసి మిగిలింది తెలుసుకుంటా."

"ఎవరికీ చెప్పలేదా? కొడుక్కి కూడా?"

"చెప్తే? ఆడదానికి సేద్యం యాల, కౌలుకియ్యి అని మా మరుదులు ఎన్నేండ్ల నుంచి కాసుకోనుండారో నీకేం తెలుసు? చెవుడు గూడా ఉండాదంటే నన్ను చేని గట్టెక్కనిస్తారా? కూలోళ్లు నా ముందరే నగుతారు."

"నాకైనా చెప్పకూడదా?"

"నీ మాట మొదటి దినం నుంచీ నాకు అందలా. పెదాలు గూడా కదిలీ కదలనట్ల మాట్లాడతావు. సదువుకున్న పిల్ల, నన్ను సూసి లోపల లోపల గొణుక్కుంటాండాది అనుకుంటి."

నాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ చప్పుడు కాకుండా ఆపుకోవాల్సి వచ్చింది. ఆమె తన చేతి మీది ముల్లు ఒకటి పీక్కుంటూ, "వానికి చెప్పొద్దు," అంది. "నా మీద ఒట్టు." నేను తల ఊపాను.

ఇంటికి వచ్చాక మా ఆయన ఆమె చేతులు చూసి ఏమైందని అడిగాడు. కంపలో పడిందని చెప్పాను. అలా మొదలైంది నా అబద్ధం. ఆ రోజు నుంచి ఆమెకు ఎదురుగా నిలబడి, నోరు తెరిచి మాట్లాడేదాన్ని. వాకిలి తలుపు కొట్టినా, బోరు మోటారు ఆగినా ఆమె వైపు చూసి కళ్లతో చెప్పేదాన్ని. "మీ ఇద్దరికీ అడివిలో ఏమైంది?" అని మా ఆయన ఆశ్చర్యపోయేవాడు. కానీ నాకు లోపల ఒకటే గుబులు. ఆమె ఒంటరిగా రోడ్డు దాటుతున్నప్పుడల్లా, చేనికి పోతూ బస్సు దిగినప్పుడల్లా నా ప్రాణం నాలో ఉండేది కాదు.

నేను దించుకున్న నాలుగు వరుసల్ని మదనపల్లెలో ఒక రిటైరైన తెలుగు పండితుడికి చూపించాను. ఆయన భూతద్దం పెట్టుకుని రెండు వారాలు కూర్చున్నాడు. ఆవుల మందను దొంగలు తోలుకుపోతుంటే అడ్డుపడి పోరాడి చచ్చిపోయినవాడి రాయి అని తేల్చాడు. మనిషి పేరు, రాయిని నిలిపినవాళ్ల పేర్లు కింది వరుసల్లో ఉండి ఉంటాయన్నాడు. అవి నా దగ్గర లేవు. మా అత్తకు చెప్తే, "పులే," అంది. "మా అబ్బ చెప్పింది అబద్ధమా?" నేను వాదించలేదు. ఇంకో నాలుగైదేళ్లకు ఆ రాయి కింద నిధి ఉందని ఎవరో తవ్వి దాన్ని మూడు ముక్కలు చేశారని వాచర్ కబురు పంపాడు. అప్పటికి అటు ఎవరినీ పోనివ్వడం లేదు. నేను మళ్లీ పోలేదు.

అడవికి పోయి వచ్చిన రెండేళ్లకు పుంగనూరు బస్టాండులో ఒక బస్సు వెనక్కి వస్తుంటే కండక్టరు విజిల్ వేస్తూనే ఉన్నాడు. మా అత్త దాని వెనకే నిలబడి టమోటా నారు కట్ట సర్దుకుంటోందట. పూలమ్మే ఆమె పక్కకు లాగింది. భుజం మాత్రం బస్సుకు తగిలి ఎముక చిట్లింది. ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని నేను మా ఆయనకు అంతా చెప్పేశాను.

"రెండేండ్లు దాస్తివా?" అన్నాడాయన. ఒట్టు పెట్టించుకుందని చెప్పడం పిల్లల మాటలా ఉంటుందనిపించింది. ఆయన చాలా రోజులు నాతో ముభావంగా ఉన్నాడు.

మా అత్త కోపం అంతకన్నా పెద్దది. రెండు నెలలు నా ముఖం చూడలేదు. ఆమె నా ముఖం చూడకపోతే నేను చెప్పేది ఆమెకు చేరే దారే లేదు. ఎదురుగా పోయి నిలబడితే కళ్లు తిప్పేసుకునేది. ముందు ఏడేళ్లూ నేను మౌనమని అనుకున్నది మౌనం కాదని, ఇదీ మౌనమంటే అని అప్పుడు తెలిసింది. ఆమె భయపడినట్టే మరుదులు ఇంటికి వచ్చారు. పరామర్శకని వచ్చి, భూమి కౌలుకిచ్చే మాట ఎత్తారు. మా ఆయన తన పెద్ద గొంతుతో వాళ్లను వాకిలిదాకా సాగనంపి వచ్చాడు. ఆమె మంచం మీద కూర్చుని అదంతా చూసింది. ఎంత వినిపించిందో తెలియదు.

భుజం కట్టు విప్పాక మదనపల్లెలో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. మాతో పాటు రావడానికి ఆమె ఒప్పుకోవడమే పెద్ద సంగతి. డాక్టరు కాయితం ముందు పెట్టుకుని, ఎప్పటి నుంచి వినపడ్డం లేదని అడిగాడు. ఆమె ఆయన నోటిని చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. రెండు నెలల్లో మొదటిసారి నా కళ్లలోకి చూసింది.

"ఈ పిల్లను అడగండి. దీనికి అన్నీ తెలుసు," అంది.

నేను చెప్పాను. కుడి చెవి ఎప్పుడు, ఎడమ చెవి ఎప్పుడు. మా ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

చెవి మిషను పెట్టుకుని ఆ ఊరి బజారులోకి రాగానే ఆమె రెండు చేతులతో తల పట్టుకుంది. "ఇంత రచ్చలో ఎట్ల బతుకుతాండారే మీరు?" అంది. ఇంట్లో దాన్ని పెట్టుకునేది కాదు. మాతో నోరు చూసే మాట్లాడేది. టమోటా మార్కెట్టుకు పోయే రోజు మాత్రం పొద్దున్నే చెవిలో పెట్టుకుని, కొంగు నిండుగా కప్పుకుని, వేలంపాటలో దళారులు ఎవరెంత అంటున్నారో తానే విని వచ్చేది.